నాన్న నంబరు

ఆ ఉదయం అక్కయ్యకు వెంటవెంటనే రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది పెద్ద తమ్ముడిది. "అక్కా, పిడుగుపాటుకి కాలిపోయిన నెట్‌వర్క్ కార్డులు తీసేసి కొత్తవి వేయించాం కదా, నాది చచ్చినట్టు పడుంది. ప్లేటు మెషిన్ దొరకట్లేదు. నువ్వొకసారి రావాలి. నేను పిలిచానని మాత్రం వాడికి చెప్పకు," అన్నాడు. ఆ ఫోన్ సంచిలో వేసుకునేలోపే చిన్న తమ్ముడు చేశాడు. "అక్కా, కొత్త కార్డు ఏడిపిస్తోంది. మెషిన్ ఇలా కనబడి అలా మాయమైపోతోంది. నువ్వు రా. నేను పిలిచినట్టు ఆయనకి తెలియకూడదు సుమా," అన్నాడు. ఇద్దరూ కూర్చునేది ఒకే గదిలో. ఒకడు ఫోన్ చేసుకోవడానికి బయటికెళ్తే గానీ రెండోవాడు నోరు విప్పడు. అదీ వాళ్ళ గోప్యం.

అక్కయ్య అంటే ఆ ఇద్దరికీ అక్క. మిగతావాళ్ళకు మాత్రం పెద్ద ఆస్పత్రిలో నెట్‌వర్క్ మొత్తాన్ని చేతిలో పెట్టుకున్న ఇంజనీరు. వార్డులు, ల్యాబులు, బిల్లుల కౌంటరు, అన్నింట్లో ఉన్న కంప్యూటర్లూ ఆమె మాట వింటాయి. మనుషులు వినరు కాబట్టి ఆమె వాళ్ళను నమ్మదు. "నేనేం ముట్టుకోలేదండీ, దానంతటదే ఆగిపోయింది" అని ఎవరైనా అన్నారంటే చాలు, ఆ మనిషి కుర్చీ కిందికి వంగి, కాలితో తన్ని ఊడగొట్టిన తీగను పైకెత్తి చూపించి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోతుంది. డాక్టర్లు సైతం ఆమె వస్తోందంటే కాళ్ళు దగ్గరికి ముడుచుకుంటారు.

అలాంటి మనిషి పైఅధికారికి ఒంట్లో బాగాలేదని చెప్పి సెలవు పెట్టేసి బయలుదేరింది. అబద్ధమేమీ కాదు, ఆ ప్రెస్సు సంగతి తలుచుకుంటే కొన్నాళ్ళుగా ఆమెకు నిజంగానే ఒంట్లో బాగుండటం లేదు.

నాన్న పెట్టిన ప్రెస్సు అది. నాన్న పోయాక అద్దె ఇల్లు ఖాళీ చేసేశారు. తమ్ముళ్ళిద్దరూ చెరో ఫ్లాటులో ఉంటున్నారు. అక్కడికి వెళ్తే మరదళ్ళు బాగానే చూస్తారు, చుట్టాన్ని చూసినట్టు. ఇక పుట్టిల్లు అని చెప్పుకోవడానికి అక్కయ్యకు మిగిలింది ఆ ప్రెస్సు ఒక్కటే. కాగితం కట్టల మీద పడుకుని నిద్రపోయిన చోటు. సిరా వాసన ముక్కుకు తగిలితే ఇప్పటికీ ఆమెకు ప్రాణం లేచొస్తుంది. ఆ ప్రెస్సు కాస్తా ఇప్పుడు ముక్కలయ్యేలా ఉంది. నాన్న కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న దగ్గర మొదలైన గొడవ మాటలు ఆగిపోయేదాకా వచ్చింది. స్కూలు పుస్తకాలు వేయించుకునే పాత ఖాతాదారు ఒక్కడే వాళ్ళను ఇంకా ఒక గదిలో ఉంచుతున్నాడు. ఆ పుస్తకాల ప్లేట్లు సాయంత్రానికి తయారవ్వాలి. కాకపోతే ఆయన వేరే ప్రెస్సు చూసుకుంటానన్నాడు. ఆయన వెళ్ళిపోతే ఎవరి మెషిన్ వాళ్ళు పట్టుకుపోతామని తమ్ముళ్ళిద్దరూ, విడివిడిగా, ఒకే మాట చెప్పారు. విడిపోవడంలో మాత్రం ఎంత ఐకమత్యమో!

ప్రెస్సు మెట్లెక్కి అక్కయ్య లోపలికి వెళ్ళేసరికి పెద్దాడు కిటికీ వైపు, చిన్నాడు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఇద్దరూ ఒకేసారి లేచి, "అరే, అక్కా! ఏంటిలా వచ్చావ్?" అని ఆశ్చర్యపోయారు. నటన ఇద్దరికీ రాదు.

"ఊరికే, ఇటు పనుండి వచ్చాను," అంది అక్కయ్య. ఆమెకూ రాదు.

మూలన ప్లేటు మెషిన్ మంచంలా పరుచుకుని ఉంది. పుస్తకం పేజీలను పల్చటి అల్యూమినియం రేకుల మీదికి ఎక్కించేది అదే. ఆ రేకులను అచ్చు యంత్రానికి తొడిగితే పుస్తకం. మెషిన్ నడిపే ఆయన దాని పక్కన స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుని, పొద్దుటి నుంచీ పనిలేక కునికిపాట్లు పడుతున్నాడు.

"అసలేం జరిగిందో ఒక్కరు చెప్పండి," అంది అక్కయ్య.

"ఏముందక్కా," అన్నాడు పెద్దాడు. "పిడుగుకి కంప్యూటర్లను కలిపే స్విచ్ పెట్టె కాలిపోయింది, మా కార్డులు కాలిపోయాయి. నాన్న కంప్యూటరైతే మొత్తానికే పోయింది. కొత్త పెట్టె, కొత్త కార్డులు తెప్పించాం. తెచ్చినవాడు ఎలాంటివి తెచ్చాడో వాడినే అడుగు."

"మంచివే తెచ్చానని చెప్పక్కా," అన్నాడు చిన్నాడు గోడతో. "బిగించేటప్పుడు పక్కన నిలబడి పెత్తనం చేసిందెవరో కూడా అడుగు."

"ఏదైనా మార్చారా? సెట్టింగుల్లో వేలు పెట్టారా?"

"నేనా? ముట్టుకుంటే ఒట్టు!" అన్నాడు పెద్దాడు.

"నాకవన్నీ తెలుసా అక్కా? పాత నంబరే మళ్ళీ వేసుకున్నాను, అంతే," అన్నాడు చిన్నాడు.

ఆస్పత్రిలో ఇదే మాట ఎవరైనా అనుంటే ఆమె వెంటనే వాళ్ళను కుర్చీలోంచి లేపి, తనే కూర్చుని చూసేది. ఇక్కడ చెప్పింది తమ్ముళ్ళు. ఎత్తుకుని తిప్పిన తమ్ముళ్ళు, ముక్కులు తుడిచిన తమ్ముళ్ళు. నమ్మేసింది. ఇంత చదువూ, ఇంత అనుభవమూ గడప బయటే చెప్పులతో పాటు విడిచిపెట్టి వచ్చింది మహాతల్లి.

ఇక మొదలుపెట్టింది. రెండు కార్డుల వెనకా పచ్చలైటు మిణుకుమిణుకుమంటోంది, అంటే తీగలో ప్రాణం ఉన్నట్టే. అయినా తీగలు మార్చింది. కార్డులను ఊడదీసి, దుమ్ము ఊది, మళ్ళీ గట్టిగా నొక్కి కూర్చోబెట్టింది. కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్‌ను తీసేసి కొత్తది ఎక్కించింది. బల్లల కిందకు దూరి, చీర కుచ్చిళ్ళకు బూజు అంటించుకుని, పెద్దాడి తీగను చిన్నాడి రంధ్రంలోకి, చిన్నాడి తీగను పెద్దాడి రంధ్రంలోకి మార్చి చూసింది. పెద్దాడి కంప్యూటర్‌లో మెషిన్ కనబడేది. "వచ్చింది వచ్చింది!" అని వాడు కేకపెట్టేవాడు. అంతలో చిన్నాడిది వెలిగేది, పెద్దాడిది పోయేది. కాసేపటికి రెండూ పోయేవి.

"వాడి కార్డే దయ్యం పట్టినట్టు నాదాన్ని కూడా లాగేస్తోంది. చూశావా!" అన్నాడు పెద్దాడు.

"నాది బాగానే ఉందక్కా, ఆయనది వెలగనంతసేపూ," అన్నాడు చిన్నాడు.

నిజానికి రోగం ఏమిటో ఆ రెండు మాటల్లోనే ఉంది. కానీ అక్కయ్యకు అవి మాటల్లా వినబడలేదు, ఎప్పుడూ ఉండే కీచులాటలా వినబడ్డాయి. పెట్టే పాడైందని తీర్మానించి, వీధి చివర దుకాణానికి పరిగెత్తి ఇంకో స్విచ్ పెట్టె తెచ్చి బిగించింది. రోగం అలాగే ఉంది. మధ్యలో ఖాతాదారు ఫోన్. "అవుతున్నాయండీ, అయిపోవచ్చాయి," అని పెద్దాడు పళ్ళికిలిస్తూ చెప్పి పెట్టేశాడు. ఆ అబద్ధానికి చిన్నాడి మొహంలో అన్న మీద కాస్త గౌరవం కనబడింది.

చివరికి అక్కయ్యకు ఒళ్ళు మండింది. తన ల్యాప్‌టాప్ తెచ్చి పెట్టెకు తగిలించింది. కంప్యూటర్లను ఇలా కలిపినప్పుడు ఒక్కోదానికీ ఒక్కో నంబరు ఇస్తారు, వీధిలో ఇళ్ళకు ఇచ్చినట్టు. ఆ నంబరు మనం ఇచ్చేది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అది కాక ప్రతి కార్డుకూ పుట్టుకతో వచ్చిన గుర్తు ఒకటుంటుంది, దాన్ని మార్చుకోవడం అంత తేలిక కాదు. "ఏ నంబరులో ఎవరున్నారో పలకండి" అని ల్యాప్‌టాప్‌తో అడిగించింది. ఒక నంబరు దగ్గర ఒకసారి ఒక గుర్తు పలికింది. మళ్ళీ అడిగితే ఇంకో గుర్తు పలికింది. ఒకే గుమ్మంలోంచి ఇద్దరు మనుషులు "నేనే, నేనే" అని తలలు బయటపెట్టినట్టు.

అక్కయ్య లేచి వెళ్ళి పెద్దాడి కంప్యూటర్‌లో సెట్టింగులు తెరిచింది. తర్వాత చిన్నాడిది తెరిచింది. రెండింట్లోనూ అదే నంబరు. అది పెద్దాడి పాత నంబరూ కాదు, చిన్నాడిదీ కాదు.

"ఎవరిదిరా ఇది?"

మెషిన్ నడిపే ఆయన కునుకు ఆపి, "అది మీ నాన్నగారిది కదమ్మా," అన్నాడు. ఆ నంబరు ఆ ప్రెస్సులో ఎవరైనా చెబుతారు, అక్కయ్య తప్ప.

సంగతి అప్పుడు బయటపడింది. మెషిన్ బిగించిన రోజున దాన్ని తెచ్చినవాళ్ళు, "ఎవరి కంప్యూటర్ మాట వినాలి సార్?" అని అడిగితే, నాన్న వాళ్ళను ఎగాదిగా చూసి, "ఇదీ ఒక ప్రశ్నేనా?" అన్నాడట. అందుకని ఆ మెషిన్ ఒక్క నాన్న నంబరు చెప్పిందే చేస్తుంది. కొడుకులు పని తయారుచేసి నాన్న కంప్యూటర్‌కు పంపాలి. అది సరే అంటే మెషిన్‌కు వెళ్తుంది. ఆఖరి రోజుల్లో మెట్లెక్కలేక, వచ్చిన ప్రతి పనికీ దానంతటదే సరే అనేలా ఆయన దాన్ని పెట్టించుకున్నాడు. ఆయన పోయాక దాన్ని ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఖాళీ కుర్చీ ముందు ఆ కంప్యూటర్ అలా వెలుగుతూ, ఇద్దరు కొడుకులు పంపిన ప్రతిదానికీ సరే సరే అంటూ కాలం గడిపింది. బతికుండగా ఒక్కనాడూ అంత సులువుగా సరే అన్న మనిషి కాడు. పోయిన నాన్న కింద పనిచేయడం ఇద్దరికీ బాగానే ఉంది. పిడుగుతో ఆయన రెండోసారి పోయాడు. కొత్త కార్డులు వచ్చిన రోజు పెద్దాడు తలుపు దగ్గరికేసి నాన్న నంబరు వేసుకున్నాడు. చిన్నాడు అన్న భోజనానికి వెళ్ళినప్పుడు అదే పని చేశాడు.

"ఈ నంబరు ఇంకొకరు వాడుతున్నారని తెర మీద రాలేదురా?" అంది అక్కయ్య.

"వచ్చింది," అన్నాడు పెద్దాడు. "నాన్నదే అనుకున్నాను."

"పోయిన కంప్యూటర్ ఎలా వాడుతుందిరా, బుద్ధిలేనివాడా!"

"నాకూ వచ్చిందక్కా," అన్నాడు చిన్నాడు నేల చూస్తూ. "మూసేశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ మూసేశాను."

"ఒక్క నంబరు రెండు ఇళ్ళకు తగిలిస్తే ఉత్తరం ఎవరికిస్తాడు తెచ్చినవాడు? విసుగొచ్చి వీధిలో పడేసి పోతాడు. మీ మెషిన్ చేసింది అదే. పొద్దుటి నుంచీ నన్ను బల్లల కింద పాకించారు కదరా! ముట్టుకుంటే ఒట్టన్నావే, ఆ ఒట్టు ఏ గట్టున పెట్టావు?"

"పెద్దాణ్ణి నేను," అన్నాడు పెద్దాడు. "నా తర్వాతే ఎవరైనా."

"ఆఖర్లో పక్కనుండి మందులేసింది నేను. అది కూడా చెప్పక్కా," అన్నాడు చిన్నాడు. పెద్దాడు కిటికీ వైపు తిరిగాడు గానీ బయటికేమీ చూడటం లేదు. అక్కయ్యకు ఇద్దరినీ పట్టుకుని వాయించాలనీ, దగ్గరికి తీసుకోవాలనీ ఒకేసారి అనిపించింది. రెండింటికీ వ్యవధి లేదు. మళ్ళీ ఖాతాదారు ఫోన్ మోగుతోంది.

"ఇద్దరూ మీ పాత నంబర్లు మీరు వేసుకోండి. ఇప్పుడే. నేను చూస్తుండగా," అంది. వేసుకున్నారు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని నాన్న గదిలోకి నడిచింది. అక్కడ తీగ చేరేది నాన్న బల్ల దగ్గరికే. నిలబడి ఎంతసేపని టైపు చేస్తుంది? నాన్న కుర్చీని ముందుకు లాక్కుని కూర్చుంది. నాన్న నంబరు తన ల్యాప్‌టాప్‌కు ఇచ్చింది. పుస్తకం పేజీలు కొడుకుల దగ్గర్నుంచి వచ్చాయి, ఆమె సరే అంది. అవతల గదిలో మెషిన్ ఒళ్ళు విరుచుకుని కదిలింది. మొదటి రేకు బయటికి రాగానే మెషిన్ నడిపే ఆయన చప్పట్లు కొట్టాడు.

కొట్టింది ఆయనొక్కడే. అన్నదమ్ములిద్దరూ గుమ్మంలో పక్కపక్కన నిలబడి, కుర్చీలో కూర్చున్న అక్కయ్యను చూస్తున్నారు. ఒకడు కూర్చోకుండా ఇంకొకడు ఇన్నాళ్ళూ కాపలా కాస్తూ, దుమ్ము దులిపి ఉంచిన కుర్చీ అది. ఆమె ఇదేమీ గమనించలేదు. పనిలో పడితే ఆమెకు మనుషులు కనబడరు.

సాయంత్రానికి ప్లేట్లు పూర్తయ్యాయి. ఖాతాదారు శాంతించాడు. అక్కయ్య ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. బిల్లుల బల్ల మీద వాడకుండా పడున్న పాత కంప్యూటర్‌ను నాన్న గదిలోకి మోయించి, దానికి నాన్న నంబరిచ్చి, ఎవరి పని వచ్చినా సరే అనేలా అమర్చింది. తర్వాత దానికి పాస్‌వర్డ్ పెట్టింది.

"పాస్‌వర్డ్ ఏంటక్కా?" అని అడిగాడు పెద్దాడు.

"మీ ఇద్దరికీ ఇవ్వను. నా దగ్గరే ఉంటుంది. ఒకడికిస్తే ఇంకొకడు చస్తాడు. నాన్న ఉన్నట్టే అనుకుని పని చేసుకోండి," అని చేతులు కడుక్కుని, చీరకంటిన బూజు దులుపుకుని బయలుదేరింది.

మెట్ల మలుపు దాకా దిగిందో లేదో పైనుంచి మాటలు వినబడ్డాయి.

"చూశావా అన్నయ్యా?"

"చూశాను రా."

అక్కయ్య అక్కడే ఆగింది. మధ్యలో మనిషి లేకుండా, గోడకూ కిటికీకీ చెప్పకుండా, ఒకడు అన్నయ్యా అన్నాడు, రెండోవాడు రా అన్నాడు. ఎన్నాళ్ళయిందో ఆ పిలుపు విని! ఏం చూశావంటున్నాడో, ఏం చూశానంటున్నాడో ఆలోచించే స్థితిలో ఆమె లేదు. కళ్ళు తుడుచుకుంటూ మిగతా మెట్లు దిగింది. ఇంటికి రాగానే, "ఏమండీ, కలిసిపోయారండీ!" అని మొగుడి చెయ్యి పట్టుకుంది. ఆయన పేపరు దించి, "నీ తమ్ముళ్ళేనా?" అన్నాడు.

ఆ తర్వాత ప్రెస్సు నుంచి ఫోన్లు లేవు. తనే చేసింది. పెద్దాడి ఫోన్ చిన్నాడు ఎత్తాడు. "అన్నయ్య చెయ్యి కడుక్కుంటున్నాడక్కా, కలిసి తింటున్నాం," అన్నాడు. ఆమె ఆ పూట అన్నం తినకుండానే కడుపు నిండినట్టు తిరిగింది. ఇంకోసారి మెషిన్ నడిపే ఆయనకు చేసింది. "ఒకటే మాటలమ్మా ఇద్దరికీ, చెవులు చిల్లులు పడుతున్నాయి," అన్నాడాయన.

"దేని గురించి?"

"మీ గురించేనమ్మా ఎక్కువగా," అన్నాడాయన అమాయకంగా.

అక్కయ్య మురిసిపోయింది. తన చలవే అని వాళ్ళకూ తెలిసిందన్నమాట అనుకుంది. సెలవురోజు చూసుకుని, చెప్పాపెట్టకుండా, గబగబా ఆ మెట్లెక్కింది.

లోపల నవ్వులు. నాన్న గదిలో పొడవాటి కొత్త బల్ల ఒకటి వేసి, దాని ముందు అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. పెద్దాడి భుజం మీద చిన్నాడి చెయ్యి. ఆమెను చూడగానే నవ్వు ఆగింది. చెయ్యి దిగింది. ఆమె పెట్టివెళ్ళిన పాత కంప్యూటర్ ఆ గదిలో లేదు.

"రా అక్కా, కూర్చో," అని పెద్దాడు లేచి, బల్లకు అవతల, ఖాతాదారులు కూర్చునే వైపు కుర్చీ చూపించాడు.

"ఆ కంప్యూటర్ ఏదిరా?"

"అది తీసేయించాం," అన్నాడు చిన్నాడు. "మెషిన్ కంపెనీ ఇంజనీర్ని పిలిపించాం. ఇద్దరి నంబర్లూ వినేలా మార్చిపెట్టి వెళ్ళాడు. పెద్ద పనేం కాదట. అన్నయ్యా, నేనూ అనుకున్నాం, ఇక్కడి పనికి బయటివాళ్ళ దగ్గర పాస్‌వర్డ్ ఉండటం ఎందుకని. నిన్నని కాదక్కా."

"నిన్నని కాదు," అన్నాడు పెద్దాడు కూడా. "నీకు మాత్రం ఎందుకీ శ్రమ? నీ ఉద్యోగం నీకుంది, నీ ఇల్లు నీకుంది."

ఎంత బాగా అందించుకుంటున్నారో మాటలు! ఒకడు ఆపిన చోట ఇంకొకడు అందుకుంటున్నాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చి ఆమె ముందు నిలబడినప్పుడూ ఇలాగే చెప్పేవాళ్ళు. అక్కయ్యకు కోపం వచ్చింది. తిట్టడానికి నోరు తెరిచింది కూడా. తిడితే మళ్ళీ ఒకడు కిటికీకి, ఒకడు గోడకు తిరుగుతారేమోనన్న భయం వేసి మూసుకుంది.

"టీ తెప్పించనా అక్కా? తాగుతావా?" అన్నాడు చిన్నాడు మర్యాదగా.

ఆ గదిలో ఆమెను తాగుతావా అని అడిగినవాళ్ళు పుట్టలేదు ఇంతవరకు.

"వద్దులే, పనుంది," అని లేచింది. ఇద్దరూ లేచి మెట్ల దాకా సాగనంపారు. పాత ఖాతాదారును కూడా అక్కడి దాకానే సాగనంపుతారు.

"ఈసారి వచ్చేముందు ఒక ఫోన్ కొట్టక్కా," అన్నాడు పెద్దాడు ప్రేమగానే. "మేం లేకపోతే నీకు ఊరికే తిప్పట."

వీధిలోకి వచ్చి ఎండలో నిలబడింది. పైన కిటికీలోంచి ఆగిపోయిన నవ్వు మళ్ళీ మొదలైంది, ఇద్దరిదీ, ఏది ఎవరిదో చెప్పలేనంతగా కలిసిపోయి. ఫోన్ మోగింది. మొగుడు.

"ఎలా ఉన్నారు నీ తమ్ముళ్ళు?"

"బాగున్నారండీ. ఒక్కటైపోయారు."

"మరింకేం, నువ్వు కోరుకున్నదేగా."

"అదేనండీ," అంది అక్కయ్య. పెట్టేయకుండా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని, దారినపోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా, ప్రెస్సు ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.